పెద్దమ్మ మాట వాగు దాటింది

మా పెద్దమ్మ పోయిందన్న సంగతి పిన్నికి నేనే చెప్పాను. నోటితో కాదు, చేతులతో.

ఈ మధ్యే ఒక ఉదయం, నర్సీపట్నంలో మా ఇంట్లో, పెద్దమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. అమ్మ ఆ మంచం పక్కనే కూలబడి ఏడుస్తోంది. చేతులెత్తి ఒక్క మాట చెప్పే స్థితిలో లేదు. పెద్దమ్మ ఫోను తీసుకుని నేనే పిన్నికి వీడియో కాల్ చేశాను. అక్క ఫోను నుంచి వచ్చింది కదా, పిన్ని నవ్వుతూ ఎత్తింది. తెర మీద నన్ను చూసి, ముక్కు పక్కన వేలు పెట్టి, కనుబొమలు ఎగరేసింది. "అక్క ఏది?" అని. మా ఇంటి చేతుల భాషలో ముక్కుపుడక అంటే పెద్దమ్మ.

చావుకి ఆ భాషలో గుర్తు ఉండే ఉంటుంది. ఆ నిమిషంలో నాకు తట్టలేదు. రెండు అరచేతులూ కలిపి చెంపకు ఆనించాను, నిద్రపోయిందని. పిన్ని చెయ్యెత్తి ఎండ వైపు చూపించింది. "పొద్దెక్కింది, లేపు" అంది. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఊపాను. పిన్ని చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి.

పెద్దమ్మకీ పిన్నికీ పుట్టుకతోనే వినపడదు. వాళ్ళిద్దరి మధ్య పుట్టిన మా అమ్మకు వినపడుతుంది. వాళ్ళది ఏ బడిలోనూ నేర్పిన భాష కాదు, అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పెరుగుతూ పెరుగుతూ తయారు చేసుకున్నది. నేను మాటలతో పాటే అదీ నేర్చుకున్నాను. పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. మా ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పిన్నిని రోలుగుంట అవతల కొండ కింది ఊరికి ఇచ్చారు. బస్సు దిగి, వాగు దాటి, జీడితోటల మధ్య నడిస్తే వాళ్ళ ఇల్లు.

ఊళ్ళకు ఫోన్లు వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు. ఎక్కడున్న మనిషి మాటైనా చెవిలో వినపడుతోందని. ఆ సంబరంలో పెద్దమ్మకీ పిన్నికీ చోటు లేకపోయింది. బాబాయి ఫోన్‌లో అమ్మకు చెప్తే, అమ్మ చేతులతో పెద్దమ్మకు చెప్పేది. పెద్దమ్మ చాలాసేపు చేతులు తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, ఒకచోట నవ్వి, ఒకచోట కోప్పడి ఏదేదో చెప్పేది. అమ్మ ఫోన్‌లో "అక్క బాగానే ఉందంట. ఒళ్ళు జాగర్తంట" అనేది. అంత పెద్ద మాట ఇంత చిన్నది ఎలా అయిపోయిందా అని పెద్దమ్మ అమ్మ పెదవుల వంకే చూసేది.

మా వీధికి ఇంటర్నెట్ లైను వచ్చాక నేను పెద్దమ్మకు ఒక స్మార్ట్‌ఫోను కొనిచ్చాను. పిన్ని ఊళ్ళో సెల్ సిగ్నల్ కొండ ఎక్కితేగాని దొరకదు. ఇంటర్నెట్ లైను మాత్రం వాగుకు ఇవతల ఉన్న గ్రామ సచివాలయం దాకా వచ్చి ఆగింది. బాబాయి పిన్నిని అక్కడికి తీసుకెళ్ళి మొదటిసారి వీడియో కలిపించాడు. పెద్దమ్మ తెరను వేళ్ళతో తడిమి చూసింది. పిన్ని అవతల నుంచి నవ్వింది. ఇంకేముంది, నాలుగు చేతులూ లేచాయి.

కాసేపటికే పిన్ని వెనక జనం పోగయ్యారు. పింఛన్ల పని మీదా సర్టిఫికెట్ల కోసమూ వచ్చినవాళ్ళు చుట్టూ చేరి వింతగా చూస్తున్నారు. పిన్ని చేతులు చిన్నవైపోయాయి, ఒళ్ళో దాక్కున్నాయి. పెద్దమ్మ కాల్ ఆపేసి నా వైపు తిరిగి, పొట్ట దగ్గర పిడికిలి బిగించి చూపించింది. "సగం మాట లోపలే ఉండిపోయింది" అని. తర్వాత రెండు వేళ్ళు తన కళ్ళ దగ్గర పెట్టి, అక్కడి నుంచి గాలిలో ఒక గీత గీసుకుంటూ పోయి, ఇంటి కప్పులా చేతులు కలిపింది. లైను చెల్లెలి ఇంట్లోకి రావాలి. అదీ ఆవిడ కోరిక.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కేబుల్ ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన పెద్దమ్మ చేతులను కాసేపు చూసి, "ఏటండీ, ఏటంతన్నారు ఆవిడ?" అని అడిగాడు. చెప్పాను.

"ఆ వాగు దాటించాలంటే శానా కష్టమండి. స్తంభాల్లేవు. ఒక్కింటి కోసం లాగితే నాకు గిట్టదు. అవతలున్నోళ్ళు ఇంకొంతమంది ముందుకొస్తే సెప్పండి, సూద్దాం" అన్నాడు.

నేను తిరుగుదారి పట్టాను. పెద్దమ్మ మాత్రం ఆయన ముందు నిలబడి అరచేయి చాపింది. మాట ఇవ్వమని. ఆయన నవ్వి, చేతిలో చెయ్యేశాడు.

ఆ ఆదివారం ఇద్దరం పిన్ని ఊరికి వెళ్ళి, పిన్నినీ వెంటబెట్టుకున్నాం. వాగు అవతల మొదటి ఇంట్లో జీడితోట రైతు ఒకాయన, భార్య ఉన్నారు. నేను విషయం చెప్పగానే ఆయన, "మాకెందుకమ్మా అయ్యన్నీ? మాటాడ్డానికి కొండెక్కితే ఫోను తగుల్తాది కదా" అన్నాడు.

పెద్దమ్మకు ఆయన మొహం చూస్తేనే అర్థమైంది. రెండు చేతులతో తన చెవులు మూసుకుంది. తర్వాత చేతులు తీసి, వేలితో ఆ ఇల్లాలి కళ్ళ వైపు చూపించింది. ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

"మన పిల్ల నర్సు ట్రైనింగుకెళ్ళి ఎన్నాళ్ళయింది? ఫోన్‌లో బాగున్నానంతాది. నిజంగా బాగుందో నేదో ముకం సూత్తే కదా తెలిసీది!"

ఆవిడే చెప్పులేసుకుని మాతోపాటు మిగతా ఇళ్ళకు బయలుదేరింది. నాకు మాట్లాడే పని పెద్దగా పడలేదు. ముందు ఆవిడ, పక్కన పెద్దమ్మ, వెనక పిన్ని. ఒక ఇంట్లో మజ్జిగ ఇచ్చారు, ఒక ఇంట్లో కసిరారు. కసిరినవాళ్ళకు కూడా పెద్దమ్మ దండం పెట్టే వచ్చింది.

చివరికి కొన్ని ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. వానలు తగ్గాక కేబుల్ ఆయన వచ్చి, వాగు ఒడ్డున అటూ ఇటూ ఉన్న తాటిచెట్ల మీదుగా లైను లాగించాడు. ఆ సాయంత్రం పిన్ని తన ఇంట్లో నుంచి కాల్ చేసింది. అలవాటు ప్రకారం అమ్మ వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చోబోయింది. పెద్దమ్మ అమ్మ బుగ్గ నిమిరి, మెల్లగా లేపి, గది బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది. అమ్మ బయట నిలబడి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ నా నోటితో మాటాడుకున్నారు. ఇంక నాతో పనేటి?" అంది.

అప్పటి నుంచి పెద్దమ్మ సాయంత్రాలు మారిపోయాయి. మిషను ఆపేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని కూర్చునేది. ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించేది. మాటల్లో పడితే రెండు చేతులకూ తీరిక ఉండదు కాబట్టి పొయ్యి మీద కూర ఎన్నిసార్లు మాడిందో! వాసన మాకు తగిలి పరుగెత్తుకొస్తే, తెర మీద పిన్ని కూడా ముక్కు మూసుకుని వెక్కిరించేది. వాళ్ళు పోట్లాడుకున్నారు, ఎవరి మీదో చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. ఏం చెప్పుకున్నారని అడిగితే పెద్దమ్మ, "మీకు చెవులున్నాయి, మీ మాటలు మీకు బోలెడు. ఇవి మావి" అనేది.

ఒకసారి కాల్ మధ్యలో లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. చెల్లెలి చేతులు వణుకుతున్నాయి, మాట మెల్లగా వస్తోంది, ఆసుపత్రికి తీసుకురమ్మంది. ఆ ఇంట్లో రోజూ చూస్తున్నవాళ్ళకు తెలియలేదు. పరీక్ష చేస్తే థైరాయిడ్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. పిన్ని తేరుకుంది. అయినా పెద్దమ్మ రోజూ కాల్ మొదట్లో చెల్లెలిని చేతులు చాపి చూపించమనేది. అవి కదలకుండా నిలిస్తేనే మాటలు.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నానికి బాబాయి బండి మీద పిన్నిని తీసుకొచ్చాడు. ముందుగదిలో మిషను పక్కకు జరిపి పెద్దమ్మను పడుకోబెట్టాం. పిన్ని నేరుగా వచ్చి ఎదురుగా కూర్చుంది. అక్క మొహంలోకి చూస్తూ చేతులెత్తి చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలయ్యాక చేతులు దించేసింది.

తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి, అక్క కుడిచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళను మెల్లగా విప్పింది. ఆ అరచేతిలో తన వేలితో రాస్తున్నట్టు, తడుతున్నట్టు, గీస్తున్నట్టు ఏదో చెప్పసాగింది.

"సిన్నప్పుడు దీపం ఆర్పీసేక ఇలాగే మాటాడుకునీవోళ్ళు. సీకట్లో సేతులు కనపడవు కదా" అని అమ్మ నా చెవిలో అంది.

పాడె ఎత్తడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడిపోయారు. బేగి కానీమని ఎవరూ తొందరపెట్టలేదు. ఏం చెప్తోందో అమ్మకు కూడా తెలియదు. మధ్యలో ఒకసారి పిన్ని కొంచెం నవ్వింది. చివరికి ఆ అరచేతిని మూసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తెరిచింది.