ఈ ఇంట్లో ఉంటున్నట్టు

నేను ఆ ఇంట్లో ఉండటం లేదన్న కబురు అందినప్పుడు ఆ ఇంట్లోనే చేపల పులుసు దించుతున్నాను. ఫోను టింగుమంటే చెయ్యి కడుక్కుని చూశాను. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు ఆగిపోయిందట. విచారణలో దరఖాస్తుదారు సదరు చిరునామాలో నివసించడం లేదని తేలిందట.

మా ఆయన నా భుజం మీంచి చదివి, "మరి ఈ పులుసెవరు పెట్టేరంట?" అన్నారు. ఆయనకి ఏ విషయమైనా ముందు నవ్వొస్తుంది, తర్వాత అర్థమవుతుంది. నాకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తర్వాత నవ్వొస్తే వస్తుంది. ఆ రోజు రాలేదు.

కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన నాదే. ఈ ముక్క ముందే చెప్పాలి. మా కోనసీమలో ఆడది దేశం దాటుతోందంటే వెనకాల ఏదో కష్టం ఉందనుకుంటారు. గల్ఫులో ఇళ్ళల్లో పనికి వెళ్ళినవాళ్ళు వీధికొకరు ఉన్నారు కదా, అలా అనుకోవడంలో తప్పు లేదు. నాకు మాత్రం ఏ కష్టమూ లేదు. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్లో పెద్ద సిస్టర్ని. మా ఆయన ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియను. బండారులంక రోడ్డు పక్క కాలనీలో సొంత ఇల్లు. అయినా వెళ్ళాలని ఉంది. మా తాత పరాయివాళ్ళ చేలో పాలేరు. మా అమ్మ మిషన్ బడిలో చదువుకుని టీచరైంది. నేను నర్సునయ్యాను. మా ఇంట్లో ఎవరూ పుట్టిన చోట ఆగిపోలేదు, నేనెందుకు ఆగాలి?

కాబట్టి చదువుకిన్ని, అనుభవానికిన్ని అని ఆ దేశంవాళ్ళు వేసే మార్కులన్నీ ఒక్కొక్కటిగా సంపాదించాను. ఇంగ్లీషు పరీక్షలో ఎదురుగా కూర్చున్నాయన మీకిష్టమైన ప్రయాణం గురించి చెప్పమంటే, పంటు మీద గోదావరి దాటడం గురించి మొదలుపెట్టాను. చివరికి ఆయనే చాలన్నాడు. మొత్తానికి దరఖాస్తు చేసుకోమని పిలుపు వచ్చింది. రెండు నెలల్లో కాగితాలన్నీ పంపాలి, ఒక్కటి తగ్గినా మళ్ళీ మొదటికే. ఆసుపత్రి ఉత్తరాలూ, వైద్య పరీక్షలూ, పెళ్ళి సర్టిఫికెట్టూ అన్నీ సిద్ధం. నా మీద కేసులేవీ లేవని పోలీసులు ఇచ్చే ఈ ఒక్క కాగితం తప్ప. గడువులో సగం అప్పటికే కరిగిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి పోలీసు స్టేషనుకి వెళ్ళాను. విచారణకి వచ్చిన కానిస్టేబులు నెమ్మదస్తుడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"మూడుసార్లు ఫోన్ చేసేనండి. మీరెత్తలేదు."

థియేటర్లో ఉన్నంతసేపూ నా ఫోను లాకర్లో ఉంటుంది. అది నా నియమమే, ఇంకొకర్ని అనడానికి లేదు. ఇంటికి తాళం. మా ఆయన చెరువుల మీద, అమ్మాయి బళ్ళో.

"వీధిలో అడగొచ్చు కదండీ?"

"అడిగేనండి. కొబ్బరిబొండం కొట్టిచ్చేరు, కుర్చీ వేసేరు, ఫ్యాన్ కూడా ఇటు తిప్పేరు. ఆ పేరుగలావిడ ఇక్కడెవరూ లేరండీ అన్నారు. ఒకావిడైతే ఎప్పుడో హైదరాబాదు వెళ్ళిపోయేరని చెప్పేరు."

నాకు విషయం అర్థమైపోయింది. మా ఎదురింటి వదిన భర్తకి కోళ్ళంటే ప్రాణం. పండగ పందేలయ్యాక ప్రతి ఏడూ మఫ్టీలో ఎవరో ఒకరు బండి మీద వచ్చి, ఫలానా ఆయన ఇల్లెక్కడని అడుగుతారు. వీధి వీధంతా అలాంటి మనిషిని ఎరగమంటుంది. ఎరగమనడంలో మర్యాదకి ఏ లోటూ రానివ్వరు, మజ్జిగో బొండమో ఇచ్చి సాగనంపుతారు. ఇన్నేళ్ళ అలవాటు కదా, పోలీసు నోట ఎవరి పేరొచ్చినా ఆ మనిషి మా వీధిలో ఉండరు. నా పేరు వచ్చింది, నేనూ లేకుండా పోయాను.

"మా వీధి సంగతి మీకు తెలియదా అండీ? వాళ్ళ మాట పట్టుకుని రాసేస్తారా?" అన్నాను.

"తెలుసండి. వాళ్ళ మాట నమ్మలేదు. మీ పక్కింటి పెద్దాయన్ని అడిగేను. విభూతి పెట్టుకుని, అరుగు మీద కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. ఆయన కూడా లేరన్నారండి. అలాంటి మనిషి చెప్పేక ఇంక రాసేసేను."

పక్కింటి పెద్దాయనంటే మాస్టారుగారే.

మా గోడకి అవతల ఇల్లు మాస్టారుగారిది. వేదం చదువుకున్న కుటుంబం. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, కొడుకు గుళ్ళో అర్చకులు, కోడలూ మనవలూ అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆయన బీపీ, సుగరు చూసేది నేనే. మొదట్లో గోడ మీంచి చెయ్యి మాత్రం చాపేవారు. ఆ చెయ్యి వెనక ఎన్ని తరాల మొహమాటం ఉందో తెలుసు కాబట్టి నేనూ గోడకి ఇవతలే నిలబడేదాన్ని. ఒక వానాకాలం నేను గొడుగు పట్టుకుని, తడుస్తూ మిషను కడుతుంటే ఆయనకే నామోషీ అనిపించినట్టుంది, అరుగు మీద కుర్చీ వేయించారు. ఆ తర్వాత హాల్లోకి రమ్మన్నారు. ఇప్పుడు ఆయన కోడలు ఇచ్చిన కాఫీ తాగి గ్లాసు కడగబోతే, "అక్కడ పెట్టెయ్యమ్మా, నువ్వు కడిగేదేంటి" అని కోప్పడతారు. ఆ కోపం విన్నప్పుడల్లా నాకు లోపల్లోపల గర్వంగా ఉంటుంది.

ఇంకో సంగతి, ఆయన అబద్ధం ఆడరు. సుగరు పెరిగిందేంటి మాస్టారూ అంటే తల దించుకుని, "పూతరేకు తిన్నానమ్మా. ఒకటి కాదు" అంటారు. నా వైద్యం ఆ నిజాయితీ మీదే నడుస్తోంది. అలాంటి మనిషి నేను లేనన్నారు.

కానిస్టేబులు నాకు దారి కూడా చూపించాడు. మళ్ళీ విచారణ చేయమని అర్జీ పెట్టుకోవాలి. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు ఈవిడ ఇక్కడే ఉంటున్నారని చెప్పి సంతకం పెట్టాలి. "అందులో ఒకరు ఆ పెద్దాయనే అవ్వాలండి. ఆయన మాట మీద లేరని రాసేను, ఆయన మాట మీదే ఉన్నారని రాయాలి. లేకపోతే మా ఎస్సైగారు నన్నడుగుతారు."

తిరిగొచ్చి ముందు ఎదురింటి వదిన మీద పడ్డాను.

"అలా అనక మరేమంటామండీ వదినగారూ!" అని ఆవిడే నా మీద కేకలేసింది. "బండి మీదొచ్చి ఫలానా ఆవిడ ఉన్నారా అనడిగితే, ఆయ్ ఉన్నారండీ అని చెప్పేత్తామా? అసలు మీలాంటోళ్ళ పేరు పోలీసోళ్ళ నోట్లో పడ్డమేంటండీ! మాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. హైదరాబాదని నేనే చెప్పేను, దూరంగా ఉంటుందని."

విషయం చెప్పాక ఆవిడ చెంపలు వేసుకుంది. ఈసారి ఆ కానిస్టేబులు వస్తే నేను పుట్టినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నానని చెబుతానంది. ఇల్లు కట్టి అన్నేళ్ళు కాలేదు మొర్రో అని మొత్తుకున్నాను. మంచి చేయబోయి ముంచేవాళ్ళతో వేగడం కష్టం.

మాస్టారుగారి దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్ళాను. అర్జీ పెట్టాననీ, ఆయన సాక్ష్యం కావాలనీ చెప్పాను. ఎందుకలా అన్నారని మాత్రం అడగలేదు. ఆ కోళ్ళ భయం వీధిలో ఆయనకీ అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను. ఆయన పంచాంగం తిరగేస్తూ, "చూద్దాంలేమ్మా" అన్నారు.

మాస్టారుగారు చూద్దాం అనే మనిషి కాదు. పొద్దున్నే బీపీకి వెళితే గుడికి వెళ్ళారంది కోడలు. మర్నాడు పడుకున్నారంది. ఆ మర్నాడు కిటికీలోంచి ఆయన పంచె అంచు కనిపిస్తూనే ఉంది, లేరనే చెప్పింది పాపం, తల వంచుకుని. గడువు దగ్గరికొస్తోంది. అర్జీ మీద విచారణకి ఏ రోజైనా రావచ్చు. ఆపరేషను మధ్యలో పెద్ద డాక్టరు గారు విసుక్కున్నా తొణకనిదాన్ని, ఈ తప్పించుకోవడం మాత్రం భరించలేకపోయాను. ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ, బీపీ మిషను కూడా తీసుకోకుండా, తెల్ల చీరతో నేరుగా హాల్లోకి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఏంటి మాస్టారూ ఇది?"

ఆయన చేతి ఉంగరం తిప్పుకుంటూ చెప్పారు.

"అందరూ పోలీసని భయపడి చెప్పేరు. నేను భయపడలేదమ్మా. ఆయన ఎందుకొచ్చేడో నాకు తెలుసు. మొన్న మీ ఆయన చెప్పేడు కదా, పోలీసు విచారణొకటి మిగిలిందని. ఉన్నారా అని అడిగేడు. ఉంది అంటే వెళ్ళిపోతావు. లేదన్నాను."

నాకు కోపం వచ్చింది. పెద్దాయనని కూడా చూడకుండా కోపం వచ్చింది. ఎన్నేళ్ళు కూడబెట్టుకున్న పని అది! థియేటర్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచినా ఇంటికొచ్చి పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆ మాటే అన్నాను. నా కూతురు చదువు గురించి అన్నాను. "మా తాత కాళ్ళ కింద నేల మీది కాదు, మాది కాదు, ఎవరిదో. నా కాళ్ళ కింద నేల నేను ఎంచుకుంటానంటే మీరెందుకు అడ్డం పడ్డారు?" అని కూడా అన్నాను. ఆయన అన్నీ విన్నారు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అడ్డం పడ్డం తప్పేనమ్మా" అన్నారు. "నువ్వొస్తావని పొద్దున్నే లేస్తాను. నువ్వు తిడతావని చూసుకుని తింటాను. ఇంట్లో అందరూ ఉన్నారు, నన్నెవరూ తిట్టరు."

నా కోపం సగంలో ఆగిపోయింది. వెళ్తున్నానని చెప్పినప్పటి నుంచీ నాకు అందరూ మంచే అన్నారు. మా అమ్మ ప్రార్థనలు పెట్టించింది, అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు, ఆసుపత్రిలో కేకు కోశారు. ఎప్పుడు, ఎప్పుడు అనే అందరూ అడిగారు. వెళ్ళొద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరైనా అంటే బాగుండునని అంతకుముందు నాకు తోచనైనా తోచలేదు. ఈయన అన్నారు. అది కూడా నాతో కాదు, పోలీసుతో.

"మాస్టారూ, నేను వెళ్తాను" అన్నాను. "మీరు సంతకం పెట్టకపోయినా ఇంకో ఏడు ఆలస్యంగానైనా వెళ్తాను. మీరు పెడితే మాత్రం సంతోషంగా వెళ్తాను."

ఆయన తల ఊపారు. ఔననో కాదనో నాకు తెలియలేదు, నేనూ అడగలేదు. లేచి వచ్చేశాను.

కానిస్టేబులు బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. వదిన ముందే ఎదురెళ్ళి, "రండి రండి, ఇక్కడే ఉంటారండీ, ఎక్కడికీ కదల్లేదండీ, పక్క వీధికైనా వెళ్ళరండీ" అని మొదలుపెట్టింది. నేను కళ్ళెర్రజేస్తే ఆగింది. సంతకం మాత్రం పెద్ద అక్షరాలతో పెట్టింది.

మాస్టారుగారు అరుగు మీదికి వచ్చారు. ఇస్త్రీ చేసిన ఉత్తరీయం వేసుకున్నారు. పెళ్ళిళ్ళకి తప్ప ఆయన దాన్ని బీరువాలోంచి బయటికి తియ్యరు.

"ఈవిడ ఇక్కడ ఉంటున్నారాండీ?" అని అడిగాడు కానిస్టేబులు, మొదటిసారి అడిగినట్టే, ఎంతో గౌరవంగా.

"ఆయ్. ఇక్కడే ఉంటుందండీ. మొన్న నేను చెప్పింది అబద్ధం. అది కూడా రాసుకోండి."

"అది రాయక్కర్లేదులెండి. మనిషి ఎలాంటివారండీ?"

"నోరు కాస్త పెద్దది" అన్నారు మాస్టారు. "చెయ్యి మంచిది."

కానిస్టేబులు నవ్వుతూ చెయ్యి సంగతి మాత్రమే రాసుకున్నాడు. మాస్టారుగారు కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, పరీక్ష పేపర్లు దిద్దిన ఆ గుండ్రటి చేతిరాతతో సంతకం పెట్టారు.

సర్టిఫికెట్టు ఆ తర్వాతి వారం వచ్చింది. గడువు దాటకముందే అన్నీ పంపించేశాను. వీసా వస్తుంది. రాకపోవడానికి కారణం లేదు.

కానిస్టేబులు వెళ్ళిపోయిన ఆ సాయంత్రం మాస్టారుగారి బీపీ చూడటానికి వెళ్ళాను. ఎక్కువే ఉంది. ఏం తిన్నారని అడిగితే ఏమీ తినలేదన్నారు, నిజమే అయ్యుంటుంది. మిషను విప్పుతుంటే మెల్లిగా అన్నారు.

"అబద్ధం ఆడిన రోజు హాయిగా నిద్ర పట్టిందమ్మా. ఇవాళ పట్టదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"పట్టకపోతే పిలవండి మాస్టారూ" అన్నాను. "ఇక్కడే ఉంటున్నానని ఇప్పుడే కదా రాసిచ్చారు."