అక్కకు అడ్డుపడ్డ చట్టం

మొన్న టీవీలో, గర్భం ఎన్ని వారాల దాకా తీయించుకోవచ్చో చట్టసభలో వాదించుకుంటున్నారని చూపిస్తుంటే మనవరాలు ఛానల్ మార్చబోయింది, ఉంచమన్నాను. వింటుంటే ఈ వయసులోనూ కోపం ఆగలేదు.

అరవైల్లో, నేను చీరాలలో ఆడపిల్లల బళ్లో పంతులమ్మగా కొత్తగా చేరినప్పుడు, గుంటూరు పక్క మిరప పొలాల ఊళ్లో కాపురం చేస్తున్న మా అక్కకు అయిదోసారి నెల తప్పింది. నాలుగో కాన్పుకే గుండె బలహీనపడిందనీ, మళ్లీ కడుపొస్తే కష్టమనీ గుంటూరు డాక్టరమ్మగారే చెప్పి ఉన్నారు. అందుకని అమ్మా నేనూ అక్కను బస్సెక్కించుకుని ఆవిడ దగ్గరికే వెళ్లాం. మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అలాంటి మాట డాక్టరు దగ్గర ఎత్తడానికే ఎంత భయపడేవాళ్లమో. ఆవిడ పరీక్ష చేసి, ప్రాణం మీదికి వస్తే తప్ప తీయకూడదని చట్టం ఉందనీ, తీస్తే తననూ అక్కనూ కూడా కోర్టుకు ఈడుస్తారనీ చెప్పారు.

“ప్రాణం మీదికి రావడమంటే ఇంకెట్టా రావాలండీ?” అంది అక్క, మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే.

ఆవిడ మందులు రాసిచ్చారు. ఎనిమిదో నెలలో, కాయలు ఎండబోసిన కళ్లంలో కూలబడి, బండి కట్టేలోపే అక్క పోయింది. బిడ్డా దక్కలేదు.

మరుసటేడు, ఆ చట్టాన్ని సడలించాలా వద్దా అని చీరాలలో సభ పెడితే అమ్మను తీసుకువెళ్లాను. పేరున్న ప్లీడరుగారొకాయన, సడలిస్తే ఆడవాళ్లు అదుపు తప్పుతారని గంభీరంగా చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. నలుగురిలో ఎన్నడూ నోరెత్తని మా అమ్మ లేచి నిలబడింది.

“మా పెద్దది ఏం అదుపు తప్పిందయ్యా? మొగుడితో కాపురం చేసి నలుగుర్ని కన్నది. ఇంకోదాన్ని మొయ్యలేనంటే మీ చట్టం అడ్డమొచ్చింది. దాని పిల్లలకి నువ్వొచ్చి అన్నం కలిపి పెడతావా?”

“కూర్చోండమ్మా, ఇది చట్టానికి సంబంధించిన విషయం” అన్నారు అధ్యక్షులవారు. అమ్మ కూర్చోలేదు, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

కొన్నేళ్లకు చట్టం మారింది. పేపర్లో వార్త చదివి వినిపిస్తే అమ్మ, అక్క చిన్నకూతురికి జడ వేస్తూ, “ఇప్పుడు రమ్మన్నారా మా పెద్దదాన్ని?” అని మాత్రం అంది.

ఈనాటి ఆడపిల్లలు డాక్టరు ఎదుట కూర్చుని తమ మాట తామే చెప్పుకుంటున్నారు, సంతోషమే. కానీ అక్క ఉంటే ఈపాటికి మోకాళ్ల నొప్పులంటూ నన్ను సాధిస్తూ ఉండేది. ఇద్దరం కలిసి ముసలివాళ్లం కావలసింది, నేనొక్కదాన్నే అయ్యాను.