ప్రార్థనలో గురక

ఉత్తరాదిన వైశాలిలో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, మా ఇంట్లో మొదటిసారి ప్రార్థన కూడిక జరిగింది. పాస్టరుగారు కళ్ళు మూసుకోగానే గుర్రుమని గురక వినిపించింది. టీవీ పక్కన కూర్చున్న ఎదురింటి శామ్యూల్ అంకుల్‌ని వాళ్ళావిడ మోచేత్తో పొడిచింది.

"లేవండీ, పరువు పోతోంది!"

"మేలుకునే ఉన్నానే!" అన్నారాయన గట్టిగా. పాస్టరుగారు ఆగిపోయారు. గురక మాత్రం ఆగలేదు.

అప్పుడు వెలిగింది నాకు. టీవీ కట్టేశాను గానీ డిష్ రిసీవర్ ఆపలేదు! మావారు ప్లగ్గు పీకగానే గురక ఆగింది. మూత విప్పితే, లోపలి చిన్న ఫ్యాన్‌కి నా తలవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ డబ్బా మా ఇంటికి పంపమ్మా. రాత్రిళ్ళు గురక దానిదేనని చెప్పుకుంటా" అన్నారు అంకుల్.

అందరికన్నా ముందు పాస్టరుగారే నవ్వారు. కొత్త ఊళ్ళో మాకు అయినవాళ్ళు దొరికింది ఆ రోజే.