ఆనుకోకూడని గోడలు

అతన్ని అందరూ నునుపు మేస్త్రి అనేవారు. గోడలకు రంగులు వేయడం అతని పని. పని అయ్యాక వెలిగే బల్బు చేత పట్టుకుని గోడ పక్కగా పోనిస్తూ చూస్తాడు. ఎక్కడ రవ్వంత ఎత్తుపల్లం ఉన్నా నీడ పడుతుంది. నీడ పడిందా, మళ్లీ లప్పం పూయడం, మళ్లీ గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ మొదటికి రావడం. ఇంటివాళ్లు బాబోయ్ ఇక చాలన్నా వినడు. అలా పదిమంది గోడలూ నునుపు చేసి చేసి, జుట్టు నెరిశాక తనూ రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు.

కొనడమంటే మాటలా? ఉన్నదంతా ఊడ్చి పెట్టి, మిగతాది బ్యాంకులో అప్పు చేశాడు. ఆ ధైర్యమంతా ఒక్క రాయితీని చూసుకునే. మొదటిసారి ఇల్లు కొన్నవాళ్లు అందులోనే కాపురం ఉంటే, కొన్నప్పుడు కట్టిన పన్నులో పెద్ద భాగం ప్రభుత్వం వెనక్కిస్తుంది. అది వస్తే వాయిదాలు గట్టెక్కుతాయి. రాకపోతే ఇల్లు ఇంకెవరికో అద్దెకిచ్చి, తాము మళ్లీ పాత అద్దెగదికి పోవాలి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు.

తెలిసి ఏం లాభం? ఇంట్లో చేరిన రోజునుంచే మేస్త్రి శాసనాలు మొదలయ్యాయి. గోడకు మేకు కొట్టకూడదు. మంచాలు గోడకు జానెడు ఎడంగా ఉండాలి. పొగ తగులుతుందని పొయ్యిని వెనక వరండాలోకి తరిమేశాడు. తువ్వాళ్లు కుర్చీల మీద ఆరేవి. "ఏమండీ, ఇది ఇల్లా, అద్దాల దుకాణమా?" అని భార్య విసుక్కునేది.

అన్నిటికన్నా కష్టం తల్లికి. ఆవిడ తలకు నూనె రాసుకుంటుంది కాబట్టి గోడకు ఆనుకోకూడదు. పాత గదిలో మూల గోడకు చేరగిలబడి పగలంతా వెళ్లదీసిన మనిషి, డెబ్బై దాటాక, నడుం నొప్పితో, హాలు మధ్యలో ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చునేది. "ఇల్లలకగానే పండగ కాదురా," అనేది అప్పుడప్పుడు. మేస్త్రి నవ్వేసేవాడు.

ఇంతలో పన్నుల ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఇంట్లో కాపురం ఉంటున్నారో లేదో చూసిపోవడమే ఆయన పని. మేస్త్రికి మాత్రం తన పనితనం చూడ్డానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు అనిపించింది. ముందురోజే సామానంతా ఎదురింటికి చేర్చి, గోడలన్నిటికీ కొత్తగా రంగు వేసేశాడు. అలాంటివాడికి వేరే శత్రువు అక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుప్పున రంగు వాసన. వంటింట్లో ఒక గిన్నె లేదు, గదిలో ఒక మంచం లేదు. హాలు నట్టనడుమ ఓ ముసలావిడ పీట మీద కూర్చుని ఉంది.

"అమ్మకానికి పెట్టారా మేస్త్రీ?"

"అయ్యో, లేదండీ! మేం ఇక్కడే ఉంటున్నాం. కావాలంటే మా అమ్మనడగండి."

"ఏమ్మా, ఇక్కడే ఉంటున్నారా?"

ఆవిడకు ఆ పూట నడుం మరీ పీకేస్తోంది. "ఉండడమెక్కడ నాయనా! గోడలకు కాపలా కాస్తున్నా," అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కాపలాకు మనిషిని పెట్టి ఇల్లు ఖాళీగా ఉంచారని రాసుకున్నాడు. భార్య పరుగున వెళ్లి ఎదురింట్లోని తమ గిన్నెలు తెచ్చి చూపించింది. అవి ఎదురింటివాళ్లవి కాదని నమ్మకమేంటన్నాడు ఆయన. మేస్త్రి కాళ్లావేళ్లా పడితే చివరికి కాస్త మెత్తబడ్డాడు.

"నెల తర్వాత ఇంకోసారి వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే రాయితీ సంగతి మర్చిపోండి. అన్నట్టు, ఈలోగా రంగులు వేయకండి."

ఆయన అటు వెళ్లగానే మేస్త్రి తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నోటి దగ్గర కూడు నేలపాలు చేశావు కదే!" ఆవిడ తనన్న మాటకు తనే భయపడిపోయి ఉంది.

సామాను తిరిగొచ్చింది. భార్య మొదటి మేకు కొడుతుంటే మేస్త్రి చూడలేక వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. పొయ్యి లోపలికొచ్చింది. "అమ్మా, నువ్వూ గోడకు ఆనుకో. బాగా ఆనుకో, మరక కనపడాలి," అన్నాడు. కొడుకు చెప్పిన పని కదా, ఆవిడ శ్రద్ధగా ఆనుకుంది. రోజూ పని నుంచి రాగానే అతను ఆ మరక ఎంత పెరిగిందో చూసి పళ్లు నూరుకునేవాడు. కానీ ఆ నెల్లాళ్లూ ఆవిడ నడుం నొప్పన్న మాట ఎత్తలేదు. అది మాత్రం అతను గమనించలేదు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. పొయ్యి పైన పొగచార, మేకుకు తడి తువ్వాలు, హాలు గోడ మీద గుండ్రంగా నూనె మరక. "కాపురమంటే ఇదీ," అని సంతకం పెట్టి వెళ్లాడు. భార్య పొయ్యి దగ్గరే కూలబడి కళ్లొత్తుకుంది. ఇక ఇల్లు వాళ్లదే.

మేస్త్రి గుండెల మీది బరువు దిగిపోయింది. దిగీ దిగగానే, అలవాటు కొద్దీ, లప్పం డబ్బా, గరుకు కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చాడు.

తల్లి చూసింది. ఒక చేత్తో నడుం పట్టుకుని మెల్లగా లేచి, ముక్కాలిపీటను హాలు మధ్యకు లాక్కుని నిటారుగా కూర్చుంది.

మేస్త్రికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇంత బల్బు పట్టుకుని తిరిగేవాడికి ఇన్నాళ్లూ కళ్లెదుట ఉన్నది కనపడలేదు. వంగి ఆవిణ్ణి లేపి, పీటను మళ్లీ గోడ దగ్గర వేశాడు.

"ఆనుకో అమ్మా."

"ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాడు కదరా?"

"వెళ్లిపోయాడు. నువ్వు ఆనుకో."

ఆవిడ అతని చేతిలోని డబ్బా వైపు చూసింది. అతను దాన్ని తీసుకెళ్లి గుమ్మం అవతల పెట్టి వచ్చాక, అప్పుడు వెనక్కి వాలింది.