పైకి చూపే బాణం

మా వదినను మేం పనిచేసే ల్యాబులో అందరూ రంపం అక్క అంటారు. ధ్రువప్రాంతం లోతుల్లోంచి తవ్వి తెచ్చిన మంచు దిమ్మెలను మైనస్ ఇరవై డిగ్రీల గదిలో నిలువుగా చీల్చడం పదిహేడేళ్లుగా ఆమె పని. ఒక పాయ పరీక్షకు పోతుంది, రెండోది గదిలోనే భద్రంగా ఉంటుంది. ఆ మంచు బుడగల్లో వేల, లక్షల ఏళ్ల నాటి గాలి ఉంటుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలుస్తారు. ఎనిమిది లక్షల ఏళ్లలో ఎన్నడూ లేనంతగా ఇవాళ మనం దాన్ని పెంచేశామని తేలింది ఇలాంటి మంచు వల్లే. "మీ వదిన గాలి కోసుకుని బతుకుతోంది," అని మా అన్నయ్య ఆటపట్టిస్తాడు.

ప్రతి ముక్క మీదా పైవైపు చూపే బాణం గీయాలి. పైమంచు కొత్తది, అడుగుది పాతది కాబట్టి ముక్క తిరగబడితే కాలం తిరగబడినట్టే.

పోయిన నెల మా పెద్దసారు గాల్లో తేలిపోయారు. వేడి పెరిగిన కాలంలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టుండి తగ్గినట్టు, ఎవరూ కనిపెట్టని సంగతితో గ్రాఫు వచ్చింది. గ్రాఫు గీసింది నేనే. దాన్ని చూసినప్పటి నుంచి వదినకు ముద్ద దిగలేదు.

"ఆ ముక్క కోసిన రోజు గ్లౌజు చిరిగి వేళ్లు మొద్దుబారాయి. ముక్క ట్రేలో పెట్టేశాక బాణం గీశాను. తిరగేసి పెట్టానేమో!"

"ఊరుకో వదినా. నీ ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. నోరు మూసుకుంటే పోయేదేముంది?"

"భూమి వేడెక్కడంలో మనుషుల తప్పేం లేదనేవాళ్లకు రేపు ఇదే సాక్ష్యంగా దొరుకుతుంది. మంచుకు నోరు లేదుగా, నేనే చెప్పాలి."

వెళ్లి సారుకు చెప్పేసింది. దాచిన పాయ బయటికి తీశారు. అగ్నిపర్వతపు బూడిద చార పై చివర ఉంది. పరీక్షించిన ముక్క ఫొటోలో అదే చార అడుగున ఉంది. సారు ముఖం పాలిపోయింది. రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. నాకైతే ఆయన మీద ఒళ్లు మండిపోయింది.

మూడో రోజు ఆయనే చలిగదిలోకి వచ్చి కాగితం అందించారు. సంతకం ఉంది.

"పదిహేడేళ్లుగా మీరు కోసిన మంచు మీదే నా పనంతా నిలబడిందమ్మా. దాన్ని నమ్మొచ్చని మొన్న తెలిసింది."

వదిన అక్కడే ఏడ్చేసింది. ఇంటికొచ్చి జరిగిందంతా అన్నయ్యకు పూసగుచ్చినట్టు చెప్పింది. నోరు మూసుకోమన్న నా మాట ఒక్కటి తప్ప.