సోమక్క బాప్తిస్మం ఫొటో

2010 నాటి మాట. పాలకుర్తిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా నా ఫొటో స్టూడియో ఉండేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. పొద్దున జనం రోడ్ల మీదే వండుకు తినే వంటావార్పు నిరసనల ఫొటోలు తీసేవాణ్ణి, మధ్యాహ్నం షాపులో పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఇన్నేళ్లలో పెళ్లిళ్లు, చావులు, ధర్నాలు లెక్కలేనన్ని తీశాను. వాటిలో ఒక్క ఫొటో గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా పనిలో ఒక అలవాటుంది. బాగా వచ్చిన ఫొటోను పెద్ద ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, షాపు ముందు షోకేసులో పెడతాం. దాన్ని చూసే గిరాకీ లోపలికొస్తుంది. ఫొటోలో ఉన్న మనిషిని అడిగి పెట్టాలన్న బుద్ధి మాలో ఎవరికీ ఉండేది కాదు. నాకూ లేదు.

సోమక్కది పక్క ఊరి ఎస్సీ వాడ. మొగుడు పోయాక కూలికి పోయి కూతురు రజితను టీచరు ట్రైనింగు దాకా చదివించింది. చర్చికి పోవడం మొదలుపెట్టిన మూడేళ్లకు, వానలు వెనకబట్టాక, వాగు మడుగులో బాప్తిస్మం తీసుకుంది. పాస్టరు గారు నీళ్లలో ముంచి లేపుతారు, ఇక ఆ మనిషి క్రీస్తు శిష్యురాలైనట్టు లెక్క. ఫొటోలకు నన్ను పిలిచారు. సోమక్క నీళ్లలోంచి లేచి నవ్వింది. అంత నవ్వు నేను పెళ్లికూతుళ్ల మొహాల్లో కూడా చూడలేదు. ఫ్లాష్ కూడా వేయలేదు, అట్లాగే తీశాను. రజిత మాత్రం మునగలేదు. తల్లి చెప్పులు పట్టుకొని గట్టు మీదే నిలబడింది.

ఆ ఫొటోనే షోకేసులో పెట్టాను.

కొన్ని నెలలకు రజితకు ఎస్సీ కోటాలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. ఎస్సీలు క్రైస్తవంలోకి మారితే ఎస్సీ కింద ఉండరు, బీసీ-సి కింద పడతారు. అందుకే చర్చిలో కూర్చునే చాలామంది కాగితాల్లో హిందువులుగానే ఉండిపోతారు. ఈ సంగతి పాస్టరుకు తెలుసు, వాడకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు.

కానీ ఒకడు విప్పాడు. నా షోకేసులోని ఫొటోను సెల్‌ఫోన్లో తీసి ఫిర్యాదుకు జతచేసి పంపాడు. లిస్టులో రజిత తర్వాత పేరున్న పిల్లకు వాడు పెదనాన్న. వీళ్ల వాడ మనిషే! వంటావార్పులో ముందు వరుసలో నిలబడి మన ఉద్యోగాలు మనకేనని గొంతు చించుకున్నవాడు. ఆ రోజు సోమక్క కడిగిన బియ్యంతో వండిన అన్నం తిన్నవాడు. థూ!

విచారణకు జనగామ రమ్మన్నారు. ఫొటో తీసినవాణ్ణి కాబట్టి నన్నూ, నీళ్లలో ముంచిన పాస్టరు గారినీ పిలిచారు. బస్సులో సోమక్క పక్కన కూర్చొని చెప్పాను.

"అక్కా, అది నువ్వు కాదని నేను చెప్త. నువ్వు గూడ కాదనాలె. గంతే."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సరేనన్నట్టే అనుకున్నాను.

అధికారి మొదట నన్నే అడిగాడు.

"ఈ ఫొటోలో ఉన్నది ఈమేనా?"

"కాదు సార్. మానుకోట దిక్కు నుంచి వచ్చినోళ్లెవరో. పేరు తెల్వదు."

పాస్టరు గారు ఒక ఉత్తరం బల్ల మీద పెట్టారు. "మా సంఘం రిజిస్టరులో ఈమె పేరు లేదు సార్."

"నువ్వేమంటవమ్మా?"

సోమక్క లేచింది. "గా ఫొటోల ఉన్నది నేనే సార్. తమ్మి నా బిడ్డ కోసమని అబద్ధమాడిండు. ఆయిననేమనకుండ్రి."

"ఆలోచించుకొని చెప్పు. నీ బిడ్డ ఉద్యోగం పోతది."

"ఎరుకే సార్. నా బిడ్డ మాత్రం మునగలే. గది గూడ రాసుకోండ్రి."

రాసుకున్నారు. ఒకే ఇంట్లో తల్లిదొక మతం, కూతురిదొక మతం అంటే ఎట్లా నమ్మేదని పక్కన పెట్టేశారు.

బయటికొచ్చాక ఉగ్గబట్టుకోలేకపోయాను. "నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? ఒక్క ముక్క! కాదంటే అయిపోతుండె గదా! మీ దేవుడు గంత మాత్రం అర్థం చేసుకోడా?"

ఆమె మెట్ల మీద కూలబడింది.

"ఊరంత నన్ను దూరం నిలబెట్టి మాట్లాడిండ్రు తమ్మీ. దగ్గరికి రమ్మన్నది ఆయినొక్కడే. గాయినెవలో నాకు తెల్వదని ఏ నోటితోని చెప్పుమంటవు?"

అయినా నాకు కోపం తగ్గలేదు. తన సిలువ తాను మోసుకుంటే మోసుకోనీ, బిడ్డ భుజం మీద పెట్టే హక్కు ఎవరిచ్చారు?

పాస్టరు గారు బండి స్టార్టు చేస్తుంటే అడ్డం నిలబడ్డాను. "అయ్యగారూ, ఆదివారమాదివారం సిలువెత్తుకోమని చెప్పేది మీరే గదా?"

ఆయన నా కళ్లలోకి చూడలేదు. "మిగతావాళ్లకూ పిల్లలున్నరు తమ్ముడూ. ఒకరి రిజిస్టరు తెరిస్తే అందరిదీ తెరుస్తరు."

రజిత ఎస్సీ సర్టిఫికెట్ రద్దయింది, ఉద్యోగం పోయింది. షోకేసు ఏనాడో ఖాళీ చేశాను. తర్వాత ఒకరోజు రజిత వచ్చి ఫొటో అడిగింది. చింపడానికే అనుకున్నాను.

"చింపను మామా. అమ్మ సామానుల పెడుత."

"మాట్లాడుతున్నవా అమ్మతోని?"

"లేదు. వండి పెడుతది, తింట. నోరు రాదు. నన్నొక్క మాట అడగొద్దా మామా? జిందగీ నాది గదా!" నేను తీసిచ్చిన ఫొటోను చూస్తూ అడిగింది. "ఆ గదిల అబద్ధం చెప్పిందెవలెవలు?"

"నేను. పాస్టరు గారు."

"మీకేమైంది?"

"ఏం కాలే బిడ్డా."

ఫొటోను చున్నీలో చుట్టుకొని వెళ్లిపోయింది. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది.

అడగకుండా ఎవరి ఫొటో బయట పెట్టకూడదని ఆనాడు నేర్చుకున్నాను. అది చిన్న పాఠం. అసలు పాఠం ఇప్పటికీ మింగుడు పడదు. తెలంగాణ వచ్చింది. ఫిర్యాదు చేసినవాడి ఇంటి పిల్ల టీచరైంది. పాస్టరు గారి చర్చికి స్లాబు పడింది. అధికారి ముందు అబద్ధమాడిన నన్ను ఒక్కడూ నిలదీయలేదు. రజిత ఒక ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతోంది. మొన్న మా చిన్నది ఏదో పగలగొట్టి వచ్చి, నిజం చెప్తే ఏమనరు గదా నాయినా అని అడిగింది. అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు.