గాలి గదుల్లేని గుర్రపుడెక్క

నా ఆఖరి పోస్టింగు కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న డిగ్రీ కళాశాలలో, వృక్షశాస్త్రం లెక్చరర్‌గా. కోవిడ్ గొడవ సద్దుమణిగి కాలేజీలు మళ్లీ గాడిన పడ్డ ఏడాది జూన్‌లో చేరాను. విభాగం అంటే నేనూ, రెండు మైక్రోస్కోపులూ, తాళం సరిగా పడని ఒక బీరువా. అంతకు మించి ఏమీ లేదు.

సెమిస్టర్ అంటే కాగితం మీద ఆరు నెలలు. అడ్మిషన్లు సాగదీయడం, స్కాలర్‌షిప్ వేలిముద్రల కోసం పిల్లలు క్యూ కట్టడం, మధ్య పరీక్షలు, పై నుంచి వచ్చే ర్యాలీలు, ప్రతిజ్ఞలు అన్నీ పోగా చదువుకు మిగిలేది ఏ మూలకూ చాలదు. పైగా సగం మంది కంబదూరు వైపు పల్లెల నుంచి బస్సులో వచ్చేవారు. బస్సు తప్పితే మొదటి పీరియడు లేనట్టే. మూడు దాటితే అందరి కళ్లూ కిటికీలోంచి రోడ్డు మీదే ఉండేవి. అరిచీ అరిచీ నా గొంతు పోయేది.

ఆ సెమిస్టర్‌లో నీటిమొక్కలు, ఎడారి మొక్కల పాఠం ఉంది. సిలబస్ రాసినవారు ఏ కాలువ గట్టున కూర్చుని రాశారో గాని, ప్రాక్టికల్‌కు గుర్రపుడెక్క పెట్టారు. కోస్తాలో కాలువలకు అడ్డం పడుతోందని కూలీలను పెట్టి పీకి పారేసే మొక్క అది. మాకు చూద్దామన్నా దొరకదు. బీరువాలో ఫార్మలిన్ సీసాలో ఒకటి ఉండేది, చింతపండు రంగుకు తిరిగి. గుర్రపుడెక్క పుట్టుకతోనే ఆ రంగు అని మా పిల్లలు నిజంగానే నమ్మారు. ఎక్కడైనా దొరికితే తెమ్మని తరగతిలో చెబితే గోవిందు అనే కుర్రవాడు లేచి, “యాడుండాది మేడం? తాగేదానికే ట్యాంకర్ కోసం కాసుకోని ఉండాము” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది, కానీ వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

చివరికి అదే తరగతిలో చదివే అనిత చెప్పింది, వాళ్ల ఊరి చెరువు తూము దగ్గర కొంచెం ఉందని. అనిత వాళ్లది పట్టు నేసే ఇల్లు. డిగ్రీ ఒక్కసారిలో పాసైతే బీఎడ్‌కు పంపుతాననీ, ఏది తప్పినా మగ్గం గుంతలో కూర్చోవాల్సిందేననీ తండ్రి ముందే చెప్పేశాడు. ఆయన మాట మీద నిలబడే మనిషని తరగతిలో అందరికీ తెలుసు. ప్రాక్టికల్ పరీక్ష రోజు ఆ పిల్ల తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మొక్కలు తెచ్చింది. చెరువు ఎప్పుడో ఎండిపోయింది. మొక్కలు తూము కింది బురదను పట్టుకుని బతికాయి. పచ్చగా ఉన్నాయి కదా, అదే పదివేలు అనుకున్నాను.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. వేరే కళాశాల నుంచి యూనివర్సిటీ పంపే ఎక్స్‌టర్నల్ ఒకరు, ఇంటర్నల్‌గా నేను. విద్యార్థి చీటీ తీస్తాడు. వచ్చిన మొక్క కాడను బ్లేడుతో ఉల్లిపొరలా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, కనిపించింది బొమ్మ గీసి, అది ఏ రకం మొక్కో కారణాలతో రాయాలి. ఇద్దరం సంతకం పెడితేనే మార్కులు ఖాయం. గుర్రపుడెక్క కాడలో పెద్ద పెద్ద గాలి గదులుంటాయి, అది తేలేది వాటి వల్లే. పుస్తకంలో బొమ్మ అంతా ఆ గదులే.

గుర్రపుడెక్క చీటీ అనితకూ వచ్చింది, గోవిందుకూ వచ్చింది. గోవిందు మైక్రోస్కోపులో ఒక కన్ను పెట్టీ పెట్టక, పుస్తకంలోని బొమ్మ కంఠతా దించేశాడు. ఎక్స్‌టర్నల్ నిండుగా మార్కులు వేశారు. అనిత మాత్రం సెమిస్టరంతా నేను మొత్తుకున్నట్టు, చూసిందే గీసింది. బురదలో, నీళ్లు లేకుండా పెరిగిన కాడ సన్నబడి గట్టిపడుతుంది. గదులు చిన్నవి, కొన్నే. ఆయన ఆ బొమ్మ మీద ఎర్రగీత పెట్టారు.

ఆయన కోస్తా మనిషి, మర్యాదస్తుడు. “పుస్తకంలో ఇలా లేదు కదండీ మేడం” అన్నారు. ముందు స్లైడు చూడమన్నాను. చూశారు. సరిగా కోయలేదేమో అన్నారు. అనిత మళ్లీ కోసింది, ఇంకోసారి కోసింది. ఎన్నిసార్లు కోసినా అదే కనిపించింది. నీళ్లు లేని చోట ఈ మొక్క ఇలాగే మారుతుందని నేను చెప్పాను. ఆయన కాదనలేదు. “మీరన్నది నిజమే కావచ్చండీ. రేపు ఎవరైనా పేపరు తిరగేస్తే మాత్రం, పుస్తకం పక్కన పెట్టుకుని నన్ను అడుగుతారు” అన్నారు. అంత నిజాయితీగా భయపడే మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం, అయినా నిలబెట్టుకున్నాను. గోవిందుకు వేసిన మార్కులు అనితకూ వేయకపోతే సంతకం పెట్టనని కూర్చున్నాను. ఆయన కాగితాలు మూసి చేతులు కట్టుకున్నారు. బయట బస్సు హారన్ కొడుతోంది.

అప్పుడు అనిత నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది. “మేడం, పుస్తకంలోది నాకొచ్చు. ఇంకొక కాగితం ఇయ్యమనండి, గీసేస్తా.”

ఎందుకు గీయాలి, నువ్వు గీసిందే సరి అన్నాను.

“సరే మేడం. మీరు రెండేండ్లలో రిటైరైపోతారు. తప్పితే మగ్గంలో కూర్చోవల్సింది నేను” అంది.

నేను అడిగితే ఆయన ఇంకో కాగితం ఇచ్చారు. అనిత మైక్రోస్కోపు వైపు చూడనైనా చూడకుండా, పుస్తకం అచ్చుగుద్దినట్టు గదులన్నీ గీసి, పేర్లు రాసి ఇచ్చింది. నిండుగా మార్కులు పడ్డాయి. నేను సంతకం పెట్టాను. పెన్ను కాగితంలో దిగబడేలా పెట్టానని గుర్తు. ఆ పిల్ల నాకు థాంక్స్ చెప్పి, గోనె దులుపుకుని బస్సుకు పరిగెత్తింది. డిగ్రీ ఒక్కసారిలోనే అయింది, బీఎడ్‌లో చేరింది.

మరుసటి ఏడు చీటీలు రాసేటప్పుడే గుర్రపుడెక్కను తీసేసి, మా దగ్గర దొరికే గన్నేరు ఆకూ, బ్రహ్మజెముడూ పెట్టాను. స్థానికంగా దొరికే మొక్కే వాడతామని యూనివర్సిటీకి ముందుగా రాసి అనుమతి తీసుకున్నాను. అడిగితే ఒక్క వారంలో ఇచ్చారు. ఈ పని అంతకుముందు ఏడాదే చేసి ఉండవచ్చు. సిలబస్‌తో నాకు పేచీ ఉంటే దాన్ని పరీక్షకు ముందు నా పేరు మీద పెట్టుకోవాలి, విద్యార్థి జవాబు పత్రం మీద కాదు.